లవ్ ఫెయిల్యూర్‌ను పదేళ్లు కాపాడుకోవడం ఎలా?

ప్రేమించిన అమ్మాయి కాదంది. లేదా మీరు ప్రేమిస్తున్న సంగతే ఆమెకు తెలియదు. అభినందనలు! మీ చేతికి తేదీ వెయ్యని మెడికల్ సర్టిఫికెట్ వచ్చినట్టే. కాలేజీలో చూపించుకోవచ్చు, ఇంట్లో చూపించుకోవచ్చు, ఏ పనైనా తప్పించుకోవచ్చు. అయినా మన కుర్రాళ్లకు దాని విలువ తెలియదు. నాలుగు రోజులు దిండు తడుపుతారు, ఐదో రోజు గడ్డం గీసుకుని ఇంటర్వ్యూకి పోతారు. ఎంతో భవిష్యత్తున్న విరహాలు మూడు నెలలకే ఇలా చేతులారా పాడైపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. అందుకే ఈ 12 సూత్రాలు.

ముందు ప్రమాదం ఎటు నుంచి వస్తుందో తెలుసుకోండి. డొరతీ టెన్నోవ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఎంతోమంది ప్రేమికుల అనుభవాలు సేకరించి 1979లో ఒక పుస్తకం తెచ్చింది. ఒకరి మీద మనసు చిక్కుకుపోయే ఈ స్థితి మూడు దారుల్లో ముగుస్తుందని అందులో తేల్చింది. అవతలివాళ్లు ఒప్పుకోవడం ఒకటి. ఆశ పూర్తిగా అడుగంటడం రెండోది. మనసు మరొకరి మీదికి మళ్లడం మూడోది. ఈ మూడు తలుపులకూ గడియ పెట్టండి. లోపల హాయిగా పడుకోండి.

1. అందని అమ్మాయినే ఎంచుకోండి

పక్క బెంచీలో కూర్చుని, మీ రికార్డు కూడా తనే రాసిపెట్టే అమ్మాయి జోలికి పోకండి. ఆమె ఒప్పుకునే ప్రమాదం ఉంది. నిశ్చితార్థం అయిపోయిన అమ్మాయిని చూసుకోండి. డాలస్‌లో ఎమ్మెస్‌కి వీసా స్టాంపింగ్ అయిన అమ్మాయి కూడా పనికొస్తుంది. బస్సులో ఒక్కసారి చూసిన అమ్మాయైతే మరీ శ్రేష్ఠం. ఆమె గురించి మీకేమీ తెలియదు కాబట్టి గుణగణాలన్నీ మీరే కల్పించుకోవచ్చు. మనిషిని తెలుసుకోవడం మొదలుపెట్టారో, ఆమెకూ జలుబు చేస్తుందని, ఆమె ఇంట్లోనూ ఫీజుల గొడవలున్నాయని తెలిసిపోతుంది. ఆరాధన కాస్తా స్నేహంగా మారుతుంది. స్నేహమంటే సాయాలు చెయ్యాలి. బండి మీద దింపాలి, నోట్స్ జిరాక్స్ తీసివ్వాలి. మనకెందుకు?

2. ఎట్టి పరిస్థితుల్లోనూ అడగొద్దు

ఔనంటే పని మొదలవుతుంది. ఉద్యోగం చూసుకోవాలి. వాళ్ల నాన్న ఎదుట కూర్చోవాలి. కులం, జాతకం, రెండువైపులా మేనమామలు, అవన్నీ దాటాక కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్‌కి అడ్వాన్సు. కాదంటే ఇంకా నష్టం. కొన్నాళ్లు ఏడుస్తారు. ఒక ఉదయం ఆకలేస్తుంది, ఇంకో రాత్రి నిద్ర పడుతుంది, అంతటితో సరి. అడగకపోతే రెండు బెడదలూ లేవు. ప్రేమికుల రోజు వస్తే ‘వచ్చే ఏడు చూద్దాం’ అనుకోండి. ఆమె పుట్టినరోజు వస్తే ‘చుట్టూ జనం ఉన్నారు’ అనుకోండి. మిత్రులు నిలదీస్తే ‘ఆమె చదువు పాడవకూడదు మామా’ అనండి. భయాన్ని త్యాగంగా చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మాట ఇంకా పుట్టలేదు.

సినిమా హీరోల్లా వెంటపడటం కూడా వద్దు. ఎండలో తిరగాలి, పెట్రోలు కొట్టించాలి. పైగా హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. వద్దన్నా వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. బెయిలొచ్చినా వాయిదాలకు పొద్దున్నే లేచి కోర్టుకు పోవాలి. పొద్దున్నే లేవాల్సిన ప్రేమ మనకొద్దు. ఆమె మానాన ఆమెను పోనివ్వండి, మీరు మంచం దిగకండి.

3. ఆధారాలు పోగెయ్యండి

ఆశ అడుగంటకుండా చూసేది ఆధారాలే. పెద్దవి అక్కర్లేదు. ఆమె ఒకరోజు వెనక్కి తిరిగి ‘పెన్నుందా?’ అని అడిగిందనుకోండి. ఏడాది గడపడానికి అది చాలు. ఎలాగో చూడండి. క్లాసులో అంతమంది ఉండగా మిమ్మల్నే ఎందుకు అడిగింది? పక్కవాడి జేబులో రెండు పెన్నులు కనబడుతున్నా వాణ్ని ఎందుకు అడగలేదు? ఇది మొదటి నెల. తిరిగిచ్చేటప్పుడు మూత పెట్టి ఇచ్చింది. మూతను వెనక్కి కాకుండా ముందుకే పెట్టింది. కొనమీద చిన్న పంటిగాటు ఉంది. అది ఆమెదా, ముందునుంచీ ఉన్న మీదేనా? ఇలా ఒక్కో ప్రశ్నకు రెండేసి నెలలు కేటాయించండి. ఆ పెన్నుతో పరీక్ష రాయకండి. రీఫిల్ మార్చకండి. చెప్పుల డబ్బాలో పెట్టి బీరువా మీద దాచండి. అలాగే పెన్ను ఆమె మర్నాడు ఇంకో ముగ్గురి దగ్గర కూడా అడిగిందని ఎవడైనా అంటే వాడితో మాట్లాడటం మానెయ్యండి.

4. ఫోన్ చేతిలోంచి జారనివ్వకండి

2010లో అమెరికాలో హెలెన్ ఫిషర్ బృందం ఒక ప్రయోగం చేసింది. ప్రేమలో తిరస్కారం పొంది, ఇంకా ఆ మనిషినే తలుచుకుంటున్న 15 మందికి ఆ మనిషి ఫొటో చూపిస్తూ మెదడును స్కాన్ తీశారు. మత్తుమందు కోసం తహతహలాడేవాళ్లలో పనిచేసే భాగాలే వీళ్లలోనూ ఉలిక్కిపడి లేచాయి. ఇది మనకు బ్రహ్మాండమైన వార్త. తాగుడు ఖర్చు లేకుండా మత్తు దొరుకుతోంది. అయితే అదే ప్రయోగంలో ఒక చెడు సంగతీ బయటపడింది. రోజులు గడిచేకొద్దీ అనుబంధానికి సంబంధించిన ఒక భాగంలో జోరు తగ్గుతూ వస్తుందట. కాబట్టి రోజులు గడవనివ్వకండి. అరగంటకోసారి ఆమె డీపీ చూడండి. లాస్ట్ సీన్ 11:42 అని ఉంటే అప్పటిదాకా ఎవరితో మాట్లాడిందో ఊహించండి. ఆమె స్టేటస్‌లో పెట్టిన ప్రతి పాటా మీకే అనుకోండి. వాళ్ల పిన్ని పెళ్లిరోజుకు పెట్టిన పాటైనా సరే. నంబరు డిలీట్ చేశానని అందరికీ చెప్పండి, ‘ప్లంబర్ రమణ’ పేరుతో సేవ్ చేసుకోండి.

5. వేషం కుదుర్చుకోండి, ఖర్చు తగ్గించండి

శరత్‌చంద్ర చటోపాధ్యాయ ‘దేవదాసు’ 1917లో పుస్తకంగా వచ్చింది. మనకు మాత్రం దేవదాసంటే 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమాలోని అక్కినేని నాగేశ్వరరావే. ఎదురుగా పార్వతిగా సావిత్రి, వెనక ఘంటసాల గొంతు. అప్పటి నుంచి తెలుగునాట భగ్నప్రేమికుడికి యూనిఫామ్ స్థిరపడిపోయింది. గడ్డం, శాలువా, దగ్గు, కుక్క, సీసా. వీటిలో మనకు కావలసినవి ఏరుకుందాం. గడ్డం ఉంచండి, మంగలి ఖర్చు మిగులుతుంది. దగ్గు ఉంచండి, ఇంట్లో బరువు పనులు చెప్పరు. కుక్క వద్దు, పొద్దున్నే తిప్పాలి. శాలువా మన ఎండలకు ఉక్క, దుప్పటి చాలు. సీసా దండగ. స్టీలు గ్లాసులో థమ్సప్ పోసుకుని, గుటకకో నిట్టూర్పు చొప్పున తాగండి. గ్లాసు బయటికి ఒకటే రంగు.

ఒక్క జాగ్రత్త. తెర వెనక్కి తొంగిచూడకండి. దేవదాసును పుట్టించిన శరత్ బర్మా వెళ్లి, రంగూన్‌లో గుమస్తాగిరీ చేసుకుంటూ రచనలు సాగించాడు. అక్కినేని మేకప్ కడుక్కుని మరో షూటింగ్‌కి పోయాడు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టాడు. చివరి రోజుల్లో కూడా ‘మనం’లో నటించాడు. వాళ్లు పనిమంతులు, వాళ్ల దారి వేరు. మీరు తెరమీద కనబడే ఆ మూడు గంటల మనిషినే ఆదర్శంగా పెట్టుకోండి.

6. సాకులు మనిషిని బట్టి వాడండి

అందరికీ ఒకే సాకు చెప్పేవాడు త్వరగా దొరికిపోతాడు. ఈ పట్టిక బట్టీ పట్టండి.

నాన్న ‘సప్లీ ఇంకా ఎందుకు మిగిలింది రా?’ అంటే కిటికీలోంచి బయటికి చూడండి. కాసేపాగి, ‘కొన్ని చెప్పినా మీకు అర్థం కావు నాన్నా’ అనండి. ఆయన నిజంగానే ఏదో ఉందనుకుని గొంతు తగ్గిస్తారు.

అమ్మ గ్యాస్ బండ పైకి తెమ్మంటే, ‘ఇవాళ ఏ తేదీయో నీకు తెలుసా అమ్మా?’ అనండి. ఆమెకు తెలియదు. మీకూ తెలియనక్కర్లేదు. భయపడి నాన్నను పంపిస్తుంది.

రూమ్మేట్ గిన్నెలు తోమే వంతు గుర్తుచేస్తే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు తిరగండి. ‘నీకు మనసు లేదు మామా’ అని ఒక్క ముక్క విసరండి. మనసున్నవాడు కాబట్టి వాడే తోముతాడు.

టీమ్ లీడ్‌కు ప్రేమ మాట ఎత్తకండి. వైరల్ ఫీవర్ అనండి. హాస్టల్ ఓనర్‌కు ఏ ప్రేమా ఎక్కదు. అద్దె అడిగితే అమ్మమ్మ పోయిందని చెప్పండి. ఆమె ఇప్పటికి ఎన్నిసార్లు పోయిందో మాత్రం ఒక డైరీలో రాసుకోండి. ఈ జీవనంలో తప్పనిసరైన రాతపని అదొక్కటే.

7. శ్రోతల్ని వంతులవారీగా తిప్పండి

ఒకడికే రోజూ చెబితే నెలకే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. నలుగుర్ని పెట్టుకోండి. సోమవారం చిన్ననాటి స్నేహితుడు, బుధవారం బావమరిది వరస, శుక్రవారం ఆఫీసు మిత్రుడు. శనివారం రాత్రి జీతం పడినవాడు, ఎందుకంటే ఆరోజు బిర్యానీ ఉంటుంది. కథ చెప్పేటప్పుడు అసలు ఘట్టం దగ్గర ఆపండి. ‘ఇంక నావల్ల కాదు రా, డబుల్ కా మీఠా చెప్పు’ అనండి. వాళ్ల కష్టాలు వినకండి. వాడి నాన్నకు స్టెంట్ వేశారని వాడు మొదలుపెడితే, ‘గుండె గురించి నాకు చెబుతావా?’ అని మళ్లీ మీ దారిలోకి లాక్కురండి. ‘రేపటి నుంచి గ్రౌండ్‌కి వచ్చి నాతో పరిగెత్తు’ అనేవాణ్ని జాబితాలోంచి కొట్టెయ్యండి. వాడు మీ మేలు కోరేవాడు. ఆ మేలు మనకొద్దు.

8. కవిత్వం నాలుగు లైన్లు దాటనివ్వకండి

విరహమన్నాక కవిత్వం ఉండాలి. దేవులపల్లి కృష్ణశాస్త్రినే తీసుకోండి. 1922లో భార్యను పోగొట్టుకున్నాడు, 1925లో ‘కృష్ణపక్షం’ వెలువడింది. ఆయన్ని చూసి కుర్రకారు జుట్టు పెంచి నిట్టూర్చింది. మీరూ జుట్టు పెంచండి, నిట్టూర్చండి, అక్కడితో ఆపండి. ఆయన జీవితం ఇంకా ముందుకు చదివితే చిక్కే. కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పాడు. రేడియోలో పనిచేశాడు. 1951లో ‘మల్లీశ్వరి’కి పాటలు రాశాడు. గొంతు పోయి మాట పడిపోయాక కూడా కలం ఆపలేదు. దుఃఖాన్ని పట్టుకుని కూర్చుంటే ఇలా పనిలోకి దించేస్తుంది. అందుకే నాలుగు లైన్లు చాలు. మీవి అక్కర్లేదు, ఎవరివో ఫార్వర్డ్ చెయ్యండి. సొంతంగా రాయాలనిపిస్తే లేచి మొహం కడుక్కుని మళ్లీ పడుకోండి. సరైన మాట కోసం వెతకడం మొదలైతే బాధ కాస్తా పనిగా మారుతుంది. పని బాగా కుదిరితే సంతోషం వేస్తుంది. సంతోషంతో మొత్తం మునిగిపోతాం.

9. జీవితానికి అర్థం దొరక్కుండా జాగ్రత్తపడండి

అన్నిటికంటే పెద్ద గండం ఇదే. వియన్నాకు చెందిన విక్టర్ ఫ్రాంకల్ అనే మానసిక వైద్యుడు నాజీ క్యాంపుల్లో తల్లిదండ్రుల్ని, భార్యను పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. 1946లో పుస్తకం తెచ్చాడు. బతుక్కి అర్థం మూడు చోట్ల దొరుకుతుందంటాడు. మనం చేసే పనిలో, మరో మనిషిని ప్రేమించడంలో, తప్పించుకోలేని బాధను మోసే తీరులో. జీవితం నుంచి మనకేం కావాలని కాదు, జీవితం మనల్ని ఏం అడుగుతోందో వినమంటాడు. మూడింటికీ మంచం దిగాలి. జీవితం ఏదైనా అడిగితే రేపు రమ్మనండి.

అర్థం పుస్తకంలోంచే వస్తుందనుకోకండి, మామూలు పనుల వేషంలో ఇంటికే వస్తుంది. వీధి చివర పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పమంటారు. రక్తదానానికి రమ్మంటారు. తాతయ్యకు శుక్లం ఆపరేషన్, తోడు వెళ్లమంటారు. ముఖ్యంగా ఇది వద్దు. కంటాసుపత్రి బెంచీ మీద తాతయ్య మీ భుజం పట్టుకుని కూర్చుంటాడు. చుక్కల మందు వేసిన కన్ను మూసుకుని ‘ఎవర్రా పిలుస్తున్నారు, మన నంబరేనా?’ అంటాడు. మీరు చీటీ చూసి, బోర్డు చూసి, ‘ఇంకా ముగ్గురున్నారు తాతయ్యా’ అంటారు. మధ్యలో క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి, చట్నీ కారంగా ఉందేమో రుచి చూసి పెడతారు. సాయంత్రం ఇంటికొచ్చాక చూసుకుంటే, పొద్దుటి నుంచి ఆమె ఒక్కసారీ గుర్తుకు రాలేదని తెలుస్తుంది. ఒక పూట మొత్తం! ఇలాంటి పూటలు వారానికి నాలుగు వచ్చాయంటే ఏళ్ల శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది.

10. మిమ్మల్ని ఇష్టపడేవాళ్లను గమనించకండి

ఇది మూడో తలుపు. ఆఫీసులో ఒక అమ్మాయి ఉంటుంది. బాక్సులో ఒక చపాతీ ఎక్కువ తెస్తుంది. ‘తిన్నారా?’ అని అడుగుతుంది. మీరు రాని రోజున మీ సీటువైపు చూస్తుంది. చపాతీ తినండి. జ్వరమొస్తే ఆమె తెచ్చిన డోలో వేసుకోండి. తింటూ తింటూ మీ పాత అమ్మాయి కథ మొదటి నుంచి చెప్పండి. ఆమె బాక్సు మూత ఎందుకు అంత నెమ్మదిగా పెడుతోందని ఆలోచించకండి. ఆమెదీ వన్ సైడేమో అన్న అనుమానం రానివ్వకండి. వచ్చిందంటే, అడగకుండా మిగిలిపోయిన మనిషి బాధ ఇవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో కనబడుతుంది. జాలి పుడుతుంది, గౌరవం పుడుతుంది, ఆపైన ఏమైనా పుట్టొచ్చు. ఒకనాడు ఆమె శుభలేఖ ఇస్తే, ‘అమ్మాయిలంతా ఇంతే మామా’ అని శుక్రవారం శ్రోతకు చెప్పండి. ఒకేసారి రెండు ఫెయిల్యూర్లు జమవుతాయి.

11. ఆమె పెళ్లికి తప్పకుండా వెళ్లండి

చాలామంది ఆరోజు గది తలుపేసుకుని పెళ్లి భోజనం పోగొట్టుకుంటారు. మీరు వెళ్లండి. కవర్లో 101 పెట్టి, పేరు అర్థం కాకుండా రాయండి. ముందు బఫే దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే బాధలో ఉన్నవాడికి గుత్తొంకాయ రెండోసారి వడ్డించడానికి ఎవరూ మొహమాటపడరు. తర్వాత స్టేజీ ఎక్కండి. ఫొటోగ్రాఫర్ ‘అన్నా, కాస్త నవ్వండి’ అంటాడు. నవ్వకండి. ఆ ఆల్బమ్ వాళ్లింట్లో యాభై ఏళ్లు ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు ఆమె పేజీ తిప్పుతూ ‘ఇతనెవరండీ, మీ ఫ్రెండా?’ అంటుంది. ఆయన ‘కాదు, మీవైపు చుట్టమనుకున్నానే’ అంటాడు. ఇద్దరూ కాసేపు ఆలోచిస్తారు. ఆమె మిమ్మల్ని అంతసేపు తదేకంగా చూడటం అదే మొదటిసారి అవుతుంది.

ఇంటికి రాగానే మీకూ సంబంధాలు మొదలవుతాయి. ‘మనసు చచ్చిపోయింది’ అనండి. కానీ అన్నం వేళకు రండి, లేకపోతే నమ్మి వదిలేస్తారు.

12. పదేళ్ల తర్వాత ఫలితాలు సరిచూసుకోండి

మీతో చదివినవాళ్లంతా చిక్కుల్లో ఉంటారు. ఈఎంఐలు, పిల్లల ఫీజులు, పేరెంట్స్ మీటింగులు, ఆదివారం కూరగాయలు. మీకు ఇవేవీ లేవు. ఎవరూ ఏ పనీ చెప్పరు. గ్యాస్ బండ నాన్నే మోసుకొస్తున్నారు, మెట్టుకోసారి ఆగుతూ. అమ్మ చుట్టాలకు మీ సంగతి చెప్పుకుని బాధపడటం మానేసింది, ఎవరైనా అడిగితే మాట మారుస్తుంది. సోమ, బుధ, శుక్రవారాల శ్రోతలు నంబర్లు మార్చారు. ఫోన్ ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులొస్తుంది, ఎవరూ చెయ్యరు కాబట్టి. వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేసే శ్రమ లేదు, గ్రూపులోంచి మిమ్మల్నే తీసేశారు. ఆమె మొహం సరిగ్గా గుర్తుకు రాదు. కంగారు పడకండి, ఇప్పుడు ఆమెతో పనిలేదు. అలవాటు పడిపోయింది, ఇక అదే నడిపిస్తుంది. మూడు తలుపులూ బిగిసిపోయాయి. లోపలినుంచి తీద్దామన్నా రావు.

ఇదే సంపూర్ణ విజయం. దీన్ని మీ ఒక్కరితో ఆపకండి. వీధిలో కొత్తగా గుండె పగిలిన కుర్రాడు కనబడితే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. పన్నెండు సూత్రాలూ వరసగా చెప్పండి. ఈ ఒక్క పనికి మాత్రం బద్ధకించకండి. ఆలస్యమైతే వాడు కోలుకుంటాడు.